పీవీని దించింది ల్యాండ్ సీలింగేనా? అపోహలు – వాస్తవాలు

గ్రూప్స్ అభ్యర్థులకు తెలంగాణ ఉద్యమం పేపర్ చెప్తాను. ఆన్సర్ షీట్లు దిద్దినా, మాక్ ఇంటర్వ్యూ బోర్డులో కూర్చున్నా, బ్యాచ్‌లు మారుతున్నా మారని వాక్యం ఒకటి ఎదురవుతూనే ఉంటుంది: "భూసంస్కరణలు తెచ్చినందుకు భూస్వాములు జై ఆంధ్ర ఉద్యమం లేపి పీవీని దించేశారు." ఈ ఒక్క వాక్యం వల్ల పోయినన్ని మార్కులు పీవీ గురించి ఉన్న మిగతా తప్పులన్నీ కలిపినా పోవు. అందుకే ఎక్కువ భాగం దీని మీదే రాస్తున్నాను. ల్యాండ్ సీలింగ్ అంటే ఒక కుటుంబం ఉంచుకోగల భూమికి చట్టం పెట్టే పరిమితి. జై ఆంధ్ర అంటే ఆంధ్ర ప్రాంతాన్ని వేరే రాష్ట్రం చేయాలని నడిచిన ఉద్యమం.

ముందు తేదీలు వరసగా పెట్టుకోండి. పీవీ నరసింహారావు ముఖ్యమంత్రి అయింది 1971 సెప్టెంబర్ 30న, కాసు బ్రహ్మానందరెడ్డి తర్వాత. 1972 ఎన్నికల్లో ఆయన నాయకత్వంలో కాంగ్రెస్ 287 స్థానాల్లో 219 గెలిచింది. ఆ మే నెలలోనే సాగుభూముల అమ్మకాలు, బదలాయింపుల మీద ఆంక్షలు వచ్చాయి. సీలింగ్ రాబోతోందని తెలిసి బంధువుల పేర రాసేసుకోకుండా కట్టిన అడ్డుకట్ట అది. సెప్టెంబర్‌లో సీలింగ్ బిల్లు శాసనసభ దాటింది. అక్టోబర్ 3న ముల్కీ నిబంధనలు (తెలంగాణ కొలువులు స్థానికులకే అన్న నియమాలు) చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ తర్వాతే ఆంధ్ర ప్రాంతం భగ్గుమంది. 1973 జనవరి 1న సీలింగ్ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. ఆ ఏడాది మొదటి చట్టం అదే. జనవరి 10తో పీవీ ముఖ్యమంత్రిత్వం ముగిసి, రాష్ట్రపతి పాలన వచ్చింది.

ఇప్పుడు ఆలోచించండి. బిల్లు సభ దాటినప్పుడు వీధుల్లోకి రాని విద్యార్థులు, ఉద్యోగులు తీర్పు రాగానే ఎందుకొచ్చారు? ముల్కీ అంటే ఉద్యోగం. పదిహేనేళ్ల స్థిర నివాసం ఉంటేనే తెలంగాణలో కొలువు. అంతకుముందు ఫిబ్రవరిలో ఆ నిబంధనలు చెల్లవని హైకోర్టు చెప్పింది. ఎనిమిది నెలలు తిరక్కుండానే సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగేసింది. అప్పటికే హైదరాబాద్‌లో పనిచేస్తున్న ఆంధ్ర ఉద్యోగికి తన ప్రమోషన్ ఏమవుతుందో తెలియదు. డిగ్రీ చదువుతున్న కుర్రాడికి రాజధానిలో తనకు చోటుందో లేదో తెలియదు. అదే తీర్పు తెలంగాణ నిరుద్యోగికి 1969లో ప్రాణాలు పెట్టి అడిగిన హక్కు. ఆ తీర్పును స్వాగతించిన ముఖ్యమంత్రి తెలంగాణవాడు కావడంతో అవతలివాళ్లకు అనుమానం రెట్టింపైంది.

మా పాత ఇంటి పక్క వాటాలో ఒక పెద్దాయన ఉండేవారు. గుంటూరు జిల్లాలో ప్రభుత్వ ఆఫీసు గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. 1972 డిసెంబర్‌లో మొదలైన ఎన్జీవోల (నాన్ గెజిటెడ్ ప్రభుత్వ ఉద్యోగుల) సమ్మెలో ఆయన ఉన్నారు. జీతం రాని ఆ నెలల్లో ఇంట్లో ఇత్తడి బిందెలు అమ్మి బియ్యం తెచ్చుకున్నామని ఆయన భార్య చెప్పేవారు. ఆయనకు సెంటు భూమి లేదు. భూస్వాముల ఉద్యమం అని ఎవరైనా అంటే ముఖం ఎర్రబడేది. "నేనెవరి పొలం కాపాడటానికి పస్తులున్నానమ్మా?" అనేవారు. జై ఆంధ్ర ఉద్దేశాలతో నాకు ఏకీభావం లేదు. తెలంగాణ ఉద్యోగాల విషయంలో జరిగిన అన్యాయాన్ని ఆ ఉద్యమం చూడలేదనే ఇప్పటికీ అంటాను. కానీ ఆ మనిషి భయం నిజమైంది. దాన్ని కొట్టిపారేసి రాసిన జవాబు చరిత్ర అవ్వదు.

మరి భూస్వాముల పాత్ర లేదా? ఉంది, గట్టిగానే ఉంది. 1961 నాటి పాత సీలింగ్ చట్టంలో పరిమితి 27 నుంచి 324 ఎకరాల దాకా ఉండేది. దాంతో ఎవరి భూమీ పెద్దగా కదల్లేదు. కొత్త చట్టం అయిదుగురి కుటుంబానికి తరి (నీటి వసతి ఉన్న భూమి) అయితే నేల రకాన్ని బట్టి 10 నుంచి 27 ఎకరాలు, ఖుష్కి (మెట్ట) అయితే 35 నుంచి 54 ఎకరాలు అని కట్టేసింది. పైగా 1971 జనవరి 24 తర్వాత జరిగిన బదలాయింపులను కూడా వెనక్కి వెళ్లి పరిశీలించే అధికారం పెట్టింది. కోస్తాలోనూ తెలంగాణలోనూ కాంగ్రెస్‌ను నడిపించింది ఏ వర్గమో తెలిసినవాళ్లకు ఇదెంత పెద్ద దెబ్బో వేరే చెప్పక్కర్లేదు. ఉప ముఖ్యమంత్రి బి.వి. సుబ్బారెడ్డి సహా ఆంధ్ర మంత్రులు రాజీనామాలు చేసి ఉద్యమం వైపు వెళ్లారు. పీవీ మీద అప్పటికే కోపంతో ఉన్న పెద్ద రైతులకు ముల్కీ తీర్పు అంది వచ్చింది. ఎండిన గడ్డివాము ఒకటి, నిప్పురవ్వ ఒకటి. జవాబులో రెండూ ఉండాలి, ఏది ఏదో కూడా తెలియాలి.

ఇంకో మాట. భూస్వాములే గెలిచి ఆయన్ను దించి ఉంటే ముందు పోవాల్సింది ఆ చట్టమే కదా! పోలేదు. సీలింగ్ అప్పటికి ఢిల్లీ కాంగ్రెస్ విధానం కూడా. 1972లోనే కేంద్రం రాష్ట్రాలన్నిటికీ మార్గదర్శకాలిచ్చింది. కాబట్టి సీలింగ్ తెచ్చాడని ఇందిరా గాంధీ పీవీని తప్పించారనడం కుదరదు. పార్లమెంటు చేసిన 1972 ముల్కీ చట్టం జంటనగరాల్లో 1977 చివరిదాకా, మిగతా తెలంగాణలో 1980 చివరిదాకా అని గడువులు పెట్టి రాజీ చేయబోయింది. దానికి ఇటూ అటూ ఎవరూ ఒప్పుకోలేదు. పాలన స్తంభించింది. కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. మంత్రివర్గమే రెండు ముక్కలైంది. ఆయన వెళ్లిపోవాల్సి వచ్చింది అందుకు.

"పీవీ హయాంలో సీలింగ్ అమలైంది" అని రాసేవాళ్లు కూడా చాలామందే. కాదు. అమల్లోకి వచ్చింది 1975 జనవరి 1న, జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు. మా పెదనాన్న తన భూముల లెక్క చెప్తూ వేసిన డిక్లరేషన్ నకలు నా దగ్గరుంది, క్లాసులో అందరికీ చూపిస్తాను. పసుపు తిరిగిన కాగితం. సర్వే నంబర్లు ఒక వరస, తరి ఒక గడి, ఖుష్కి ఒక గడి, ఇంట్లో ఎవరెవరికి ఎన్నేళ్లో మరో గడి. మైనారిటీ తీరని కొడుకు వయసు దగ్గర ఒక అంకె కొట్టేసి పైన ఇంకో అంకె వేసి ఉంటుంది. కింద సంతకం, 1975 తేదీ. ఆ కొట్టివేత చూసిన పిల్లలకు సీలింగ్ ఎందుకు నీరుగారిందో నేను వివరించాల్సిన పని పడదు. ఊళ్లలో బినామీలు, కాగితాల మీద వేరుపడ్డ కుటుంబాలు, ట్రిబ్యునళ్లలో ఏళ్లకేళ్లు నలిగిన కేసులు. చట్టం తెచ్చిన ఘనత పీవీది, అది చివరిదాకా సాగకపోవడం తర్వాతి ప్రభుత్వాల లెక్క. ఈ రెంటినీ కలిపి ఒకరి ఖాతాలో వేయకండి.

దీనికి తోకగా ఉన్న ఇంకో తప్పు: అప్పుడు అసెంబ్లీ రద్దయిందనడం. రద్దు కాలేదు, సుప్తచేతనావస్థలో పెట్టారు, అంటే సభ్యత్వాలు పోకుండా సభ పని మాత్రం ఆపారు. అందుకే 1973 డిసెంబర్ 10న ఎన్నికల్లేకుండానే వెంగళరావు ప్రభుత్వం వచ్చింది, పీవీ మంథని ఎమ్మెల్యేగా కొనసాగారు. మధ్యలో సెప్టెంబర్ 21న రెండు ప్రాంతాల మధ్య రాజీగా ఆరు సూత్రాల పథకం, దాని నుంచి రాజ్యాంగ 32వ సవరణ, ఉద్యోగాల్లో, చదువుల్లో స్థానికుల అవకాశాల గురించిన 371-డి, తర్వాత 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు. ఈ గొలుసు తెగితే మీకు తెలంగాణ కొలువుల్లోని స్థానికేతరులను వెనక్కి పంపాలన్న 610 జీవో కూడా అర్థం కాదు.

ఒక అమ్మాయి మొన్న రాత్రి పదిన్నరకు ఫోన్ చేసి ఏడ్చింది. "మేడం, టీజీపీఎస్సీ పేపర్లో ఆంధ్ర ఉద్యోగుల భయాల గురించి రాస్తే మార్కులు తీసేస్తారట కదా?" ఎవరో గ్రూపులో పెట్టిన మెసేజ్ అది. ఇలాంటి పుకార్లు పుట్టించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఉద్యోగం మానేసి, ఇంట్లోవాళ్ల మాటలు పడుతూ చదువుకుంటున్న పిల్లలతో ఆడుకోవడం ఇది. అమ్మా, జై ఆంధ్ర, దాని పరిణామాలు మీ సిలబస్‌లోనే ఉన్నాయి. కారణాలు అడిగితే కారణాలన్నీ రాయాలి. తెలంగాణ వైపు వాదన బలంగా రాయండి, అవతలి వాదన ఏమిటో కూడా చెప్పండి. నిద్రపోండి.

మిగతా తప్పులు గబగబా చెప్పేస్తాను. కొటేషన్లలో ఉన్నది అపోహ, దాని పక్కనున్నది వాస్తవం.

"పీవీ ప్రజల్లో గెలిచిన నాయకుడు కాదు." మంథని నుంచి 1957, 1962, 1967, 1972లో వరసగా గెలిచారు. హన్మకొండ నుంచి 1977, 1980లో లోక్‌సభకు వెళ్లారు. 1984లో అక్కడ బీజేపీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడారు. ఆ ఏడాది బీజేపీకి దేశం మొత్తంలో వచ్చినవి రెండే సీట్లు, అందులో ఒకటి ఇది. అదే ఎన్నికలో మహారాష్ట్ర రాంటెక్‌లో గెలిచారు. 1991లో పోటీయే చేయలేదు.

"ప్రధాని అయ్యేనాటికి రాజ్యసభ సభ్యుడు." అప్పుడు ఏ సభలోనూ సభ్యుడు కాదు. 1991 జూన్ 21న ప్రమాణం, రాజ్యాంగం 75(5) అధికరణ ప్రకారం ఎంపీ కావడానికి ఆరు నెలల గడువు, నవంబర్‌లో నంద్యాల ఉప ఎన్నిక. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ అక్కడ టీడీపీ అభ్యర్థిని నిలపలేదు. మెజారిటీ అయిదు లక్షలు దాటింది.

"హిందీయేతర రాష్ట్రం నుంచి తొలి ప్రధాని." గుజరాత్‌కు చెందిన మొరార్జీ దేశాయ్‌ని మరిచిపోయారు. పీవీ దక్షిణాది నుంచి తొలి ప్రధాని. నెహ్రూ కుటుంబం బయట అయిదేళ్లు పూర్తిచేసిన తొలి ప్రధాని కూడా.

"సంస్కరణలన్నీ మన్మోహన్‌వే, పీవీ సంతకం పెట్టారు." బడ్జెట్ వచ్చిన 1991 జులై 24నే కొత్త పారిశ్రామిక విధానం కూడా వచ్చింది. 18 పరిశ్రమలకు తప్ప లైసెన్సు అక్కర్లేదని చెప్పింది అందులోనే. ఆనాడు పరిశ్రమల శాఖ పీవీ దగ్గరే ఉంది. రాజకీయంగా ఎవరు భుజం పెట్టారో ఈ ఒక్క విషయం చెప్తే చాలు. మన్మోహన్ సింగ్ కృషి దీనివల్ల తగ్గదు.

"73వ సవరణ రాజీవ్ తెచ్చారు." పంచాయతీలకు రాజ్యాంగ హోదా కోసం రాజీవ్ తెచ్చిన 64వ సవరణ బిల్లు 1989లో రాజ్యసభలో వీగిపోయింది. 73వది పీవీ ప్రభుత్వంలో వచ్చింది, అమలు 1993 ఏప్రిల్ 24 నుంచి.

పీవీకి ఎన్ని భాషలొచ్చు అనే లెక్క మీద కొట్టుకోవడం ఆపండి. ఆ సమయంలో 1972 ముల్కీ చట్టం ఇంకోసారి చదువుకోవచ్చు.

చివరగా పాలిటీ వాళ్లకు. పీవీ నరసింహారావు వర్సెస్ స్టేట్, 1998 తీర్పును ఇప్పటికీ చెల్లుబాటయ్యే చట్టంగా రాస్తున్నారు. 1993 జులై అవిశ్వాస తీర్మానం 251కి 265తో వీగిపోయిన ఓటింగ్ నుంచి పుట్టిన కేసు అది. లంచం తీసుకుని సభలో ఓటేసిన సభ్యుడికి రక్షణ ఉంటుందన్న ఆ తీర్పును 2024 మార్చి 4న సీతా సోరెన్ కేసులో ఏడుగురు జడ్జీల ధర్మాసనం కొట్టేసింది. 1993 ఓటింగ్ కేసులో కింది కోర్టు పీవీకి శిక్ష వేసినా 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషిగా తేల్చింది. పాత గైడ్లలో ఇవి ఉండవు, పేజీ అంచున పెన్నుతో రాసి పెట్టుకోండి.