‘నాకు స్టిఫ్ వేయండి’ అనే ముందు: ఫోర్జ్డ్ ఐరన్స్, షాఫ్టుల మీద అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్‌లో గోల్ఫ్ క్లబ్బుల ఫిట్టింగ్, అంటే ఆడేవాళ్ల స్వింగ్‌కు తగ్గట్టు క్లబ్బులు అమర్చి ఇచ్చే పని, మొదలుపెట్టి పదమూడేళ్లు దాటింది. ఇన్నేళ్లలో నేను ఎక్కువసార్లు విన్న మాట ఒకటే. "హెడ్స్ ఫోర్జ్‌డ్‌వే కొన్నాను, షాఫ్ట్ కూడా స్టిఫ్. అయినా బాల్ పోవట్లేదు. నా స్వింగ్‌లోనే ఏదో తేడా ఉన్నట్టుంది." (హెడ్ అంటే బంతిని కొట్టే లోహపు భాగం, షాఫ్ట్ అంటే దాని కర్ర. ఫోర్జ్డ్ అంటే కాల్చి కొట్టి చేసినది, స్టిఫ్ అంటే తక్కువ వంగేది.)

మొన్న శనివారం వచ్చిన పెద్దాయనదీ అదే బాధ. అరవై మూడేళ్లు, బ్యాంకులో చేసి రిటైరయ్యారు. డల్లాస్‌లో ఉండే కొడుకు ఇంటికొస్తూ ఒక ఫోర్జ్డ్ ఐరన్స్ (దూరాన్ని బట్టి అంకెలు వేసిన లోహపు హెడ్ల క్లబ్బులు) సెట్ తెచ్చాడు. సన్నని టాప్‌లైన్ (హెడ్ పై అంచు), తళతళలాడే క్రోమ్, చూడ్డానికి ముచ్చటగా ఉంది. షాఫ్టులు మాత్రం 130 గ్రాముల స్టీల్, అందులోనూ ఎక్స్ ఫ్లెక్స్, అంటే బాగా తక్కువ వంగే రకం. ఆర్నెల్లుగా వాటితోనే ఆడుతున్నారు. మోచేతికి పట్టీ వేసుకుని వచ్చారు. "బాబూ, వయసైపోయింది. ఇక మానేద్దామనుకుంటున్నా. వాడు అంత ప్రేమగా తెచ్చాడు, ఇవి నాకు పనికిరావట్లేదని వాడితో ఎలా చెప్పను?" అన్నారు. ఆ మాట రెండు రోజులు నన్ను వదల్లేదు. ఇది రాయడానికి కారణం అదే.

అపోహ: నేను బలంగా కొడతాను, కాబట్టి నాకు స్టిఫ్ షాఫ్టే కావాలి

అన్నిటికంటే ఎక్కువ డబ్బు, ఎక్కువ ఉసూరుమనిపించే ఆదివారాలు దీనికే ఖర్చవుతున్నాయి. కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

షాఫ్ట్ మీద ఉండే ఆర్ (రెగ్యులర్), ఎస్ (స్టిఫ్), ఎక్స్ (ఎక్స్‌ట్రా స్టిఫ్) అక్షరాలకు కంపెనీలన్నీ ఒప్పుకున్న కొలత అంటూ ఏదీ లేదు. ఎవరి లెక్క వాళ్లదే. ఒక కంపెనీ ‘ఆర్’ ఇంకో కంపెనీ ‘ఎస్’ కంటే గట్టిగా ఉండటం షాఫ్ట్ గట్టిదనం కొలిచే నా ఫ్రీక్వెన్సీ మెషీన్ మీద ఎన్నిసార్లు చూశానో. ఒక కొట్లో ‘ఎల్’ చొక్కా సరిపోతుంది, పక్క కొట్లో అదే ‘ఎల్’ భుజాల దగ్గర పట్టేస్తుంది. చొక్కా అయితే వేసుకుని చూసి కొంటాం. షాఫ్ట్‌ను మాత్రం అక్షరం చూసి కొంటున్నాం.

బరువు సంగతి చూడండి. కోయకముందు డైనమిక్ గోల్డ్ ఎస్300 షాఫ్ట్ బరువు సుమారు 130 గ్రాములు. కేబీఎస్ టూర్ స్టిఫ్ 120. నిప్పన్ వాళ్ల ఎన్.ఎస్. ప్రో 950జీహెచ్ స్టిఫ్ దాదాపు 98. మూడింటి మీదా ఉన్నది అదే ‘ఎస్’. మొదటిదానికీ మూడోదానికీ 30 గ్రాములకు పైనే తేడా. "నాకు ఎస్ వేయండి" అని ఎవరైనా అంటే నాకు అర్థమయ్యేది ఏమీ ఉండదు. ఏ ఎస్?

నా అనుభవంలో ఐరన్ షాఫ్ట్‌లో ముందు చూసుకోవాల్సింది బరువు. ఫ్లెక్స్ దాని తర్వాతే. బరువు మీ స్వింగ్‌నే మార్చేస్తుంది. మోయలేనంత బరువైతే మొదటి నాలుగైదు హోల్స్ బాగానే ఉంటుంది. పదమూడు, పద్నాలుగో హోల్ వచ్చేసరికి చేతులు వెనకబడతాయి, ఫేస్ (హెడ్‌లో బంతిని తాకే ముఖం) తెరుచుకునే ఉంటుంది, బాల్ లేవకుండా కుడికి జారిపోతుంది. మరీ తేలికైతే హెడ్ ఎక్కడుందో చేతికి తెలియదు. పైనుంచి తొందరగా లాగేస్తారు, ఎడమకు హుక్. బంతి ఎటు పోతోందో చూసి "ఇది ఫ్లెక్స్ సమస్య" అని తేల్చేసేవాళ్లు క్లబ్‌హౌస్‌లో చాలామంది ఉంటారు. వాళ్లలో ఎవరూ షాఫ్ట్‌ను తూకం వేసి చూసినవాళ్లు కారు.

ఇక "నేను బలంగా కొడతాను" అనే మాట. బంతి, క్లబ్ వేగాలు కొలిచే రాడార్ల కంపెనీ ట్రాక్‌మాన్ చాలాకాలం ప్రచురించిన సగటు అంకెల ప్రకారం పీజీఏ టూర్‌లో 7 ఐరన్ క్లబ్‌హెడ్ స్పీడ్ గంటకు 90 మైళ్లు, క్యారీ (బంతి గాల్లో వెళ్లే దూరం) 172 గజాలు. మహిళల ఎల్‌పీజీఏ టూర్‌లో 76 మైళ్లు, 141 గజాలు. నా దగ్గరికి వచ్చే మగవాళ్లలో ఎక్కువమంది 70కీ 80కీ మధ్య ఉంటారు. అంటే ప్రపంచంలోని మేటి మహిళా ఆటగాళ్ల వేగానికి అటూ ఇటూ అన్నమాట. అందులో చిన్నతనం ఏముంది? ఆ 76 మైళ్లతోనే వాళ్లు ఎంత చక్కగా స్కోర్ చేస్తున్నారో చూడండి. కానీ ఈ వేగానికి, 90 మైళ్లతో కొట్టేవాళ్ల షాఫ్ట్ ఎందుకు? టీవీలో కనిపించే ఆటగాడి బ్యాగులో ఏముందో చూసి, ఎవరో ఒకరు గ్రూపులో పెట్టిన ఫొటో చూసి, అదే కావాలంటారు. ఈ పుకార్ల మీద నాకు ఓపిక ఎప్పుడో అయిపోయింది.

స్పీడ్ ఒక్కటే చూసినా సరిపోదు. రెండేళ్ల కింద ఒక బావా బావమరిది కలిసి వచ్చారు. ఇద్దరిదీ 7 ఐరన్‌తో 78 మైళ్లే, ఒక్క మైలు కూడా తేడా లేదు. బావగారు పైన ఒక క్షణం ఆగి, నెమ్మదిగా దిగుతారు. బావమరిది పైకి వెళ్లీ వెళ్లకముందే ఒక్క కుదుపుతో కిందికి లాగేస్తాడు. బావగారికి 95 గ్రాముల రెగ్యులర్ పెడితే బాల్స్ అన్నీ ఒక దుప్పటి పరిచినంత మేర పడ్డాయి. అదే షాఫ్ట్ బావమరిది చేతిలో ఎడమకూ కుడికీ చెల్లాచెదురు. అతనికి 115 గ్రాముల స్టిఫ్ పెట్టాకే కుదురుకున్నాడు. ఇద్దరూ ఒకే సెట్ కొనేద్దామని, రెండు సెట్ల మీద డిస్కౌంట్ కూడా మాట్లాడుకుని వచ్చారు. ఆ కొనుగోలు ఆగిపోవడం నాకు ఇప్పటికీ సంతోషమే.

అపోహ: ఫోర్జ్డ్ అంటే మెత్తని ఫీల్, కాస్ట్ అంటే రాయి

ఫోర్జింగ్ అంటే మన ఊరి కమ్మరి కొలిమి దగ్గర చేసే పనే. ఉక్కు కడ్డీని ఎర్రగా కాల్చి, అచ్చులో పెట్టి, భారీ సుత్తి ప్రెస్‌తో కొట్టి ఆకారం తెస్తారు. కాస్టింగ్ అంటే మైనం నమూనా చుట్టూ సిరామిక్ అచ్చు కట్టి, మైనం కరిగించేసి, కరిగిన లోహాన్ని పోత పోయడం. మన కంచు విగ్రహాలు చేసేవాళ్లకు తెలిసిన పద్ధతి. జపాన్‌లో హిమేజీ చుట్టుపక్కల, హిరోషిమాలో, నీగటాలో ఫోర్జింగ్ చేసేవాళ్ల పనితనం అంటే నాకు ఎంతో గౌరవం. మిజునో వాడే 1025ఈ లాంటి ఉక్కులో కార్బన్ పావు శాతమే ఉంటుంది. అందుకే అది మెత్తగా వంగుతుంది.

కానీ ఫేస్‌కు బంతి తగిలి ఉండేది సెకనులో దాదాపు రెండు వేలో వంతు మాత్రమే. ఆ కుదుపు షాఫ్ట్ మీదుగా మీ చేతికి చేరి మెదడుకు తెలిసేలోపే బంతి వెళ్లిపోయి ఉంటుంది. మనం ‘ఫీల్’ అనుకునేదాంట్లో పెద్ద భాగం చప్పుడు. మిగతాది, బంతి తగిలిన చోట వెనక ఎంత లోహం ఉంది, మధ్యలో తగిలిందా అంచున తగిలిందా అన్నది. నమ్మకం కుదరకపోతే చెవులకు గట్టిగా ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుని పది బాల్స్ కొట్టి చూడండి.

అమెరికన్ ఆటగాడు బబ్బా వాట్సన్ 2012లో, 2014లో మాస్టర్స్ గెలిచింది పింగ్ వాళ్ల పోత ఐరన్స్‌తో. ఇంకో మాట. "నేను ఫోర్జ్డ్ తప్ప ముట్టుకోను" అనే చాలామంది బ్యాగుల్లో ఉండేవి వోకీ బ్రాండ్ వెడ్జ్‌లు (గ్రీన్ దగ్గరి చిన్న షాట్ల క్లబ్బులు). అవి పోత పోసినవే. ఇన్నేళ్లుగా గ్రీన్ పక్కన వాటితో చిప్ చేస్తూ ఎంత మెత్తగా ఉందో అని మెచ్చుకుంటూనే ఉన్నారు.

‘ఫోర్జ్డ్’ అని రాసి ఉంటే ఒకే ముద్దలోంచి వచ్చిందని కూడా అనుకోవద్దు. టేలర్‌మేడ్ పీ790 లోపల బోలుగా ఉంటుంది, ఫేస్ విడిగా చేసి అతికించినది. మంచి క్లబ్బే, నేనూ ఎంతోమందికి ఇచ్చాను. కానీ అది బ్లేడ్ (ఒకే ముద్ద లోహంతో చేసిన సన్నని హెడ్) కాదు, బ్లేడ్‌తో పోల్చి చూసుకోవడంలో అర్థం లేదు.

ఫోర్జ్డ్‌కు నిజంగా ఉన్న లాభం ఎవరూ అడగరు. మెత్తని ఉక్కు కాబట్టి లై యాంగిల్‌ను (షాఫ్ట్ నేలతో చేసే కోణాన్ని) ఒకటి రెండు డిగ్రీలు భయం లేకుండా వంచొచ్చు. గట్టి స్టెయిన్‌లెస్ పోతను వంచాలంటే నాకు కూడా గుండె దడే. 7 ఐరన్‌తో లై ఒక్క డిగ్రీ తప్పినా బంతి మూడు, నాలుగు గజాలు పక్కకు పోతుంది. ఆ మెత్తదనానికే ఒక నష్టమూ ఉంది. రోజూ డ్రైవింగ్ రేంజ్‌లో గట్టి మ్యాట్ల మీద కొడుతుంటే లాఫ్ట్ (ఫేస్ వెనక్కి వాలిన కోణం), లై నెమ్మదిగా జరిగిపోతాయి. ఏడాదికోసారి కొలిపించుకోండి. పది నిమిషాల పని.

అపోహ: ఈ ఐరన్ పదిహేను గజాలు ఎక్కువ పోతుంది

లాఫ్ట్ చూశారా? టైట్‌లిస్ట్ టీ100 7 ఐరన్ లాఫ్ట్ 34 డిగ్రీలు. మిజునో జేపీఎక్స్ 923 హాట్ మెటల్ 7 ఐరన్ దాదాపు 29. ఐదు డిగ్రీల తేడా అంటే ఒక క్లబ్ తేడా. అడుగున రాసిన అంకె పక్కన పెట్టి, ఒకే లాఫ్ట్ ఉన్నవాటిని పోల్చండి. మీ స్పీడ్ తక్కువైతే, ఎక్కువ లాఫ్ట్ లేకుండా బంతి ఎత్తుకు లేవదు, గ్రీన్ మీద ఆగదు. దిగే కోణం 45 డిగ్రీలకు తగ్గకుండా ఉందా అన్నది నేను దూరం కంటే ముందు చూస్తాను.

అపోహ: గ్రాఫైట్ ముసలివాళ్లకి

2020లో బ్రైసన్ డిషాంబో యూఎస్ ఓపెన్ గెలిచినప్పుడు అతని బ్యాగులో ప్రతి క్లబ్‌కూ గ్రాఫైట్ (స్టీల్ కంటే తేలికైన కార్బన్) షాఫ్టే. ఇక దీని గురించి వాదన అనవసరం.

గోల్కొండ కోట పక్కన ఆడుతున్నా, గచ్చిబౌలిలో ఆడుతున్నా మన ఎండల గురించి ఒక్క మాట. ఏప్రిల్, మే నెలల్లో క్లబ్బులు కారు డిక్కీలో వదిలేయకండి. హెడ్‌ను షాఫ్ట్‌కు పట్టి ఉంచేది ఎపాక్సీ, ఆ వేడికి పట్టు సడలుతుంది. స్వింగ్ మధ్యలో హెడ్ ఊడి ఎగిరిపోయిన క్లబ్బులు నా దగ్గరికి వచ్చాయి. అదృష్టం, ఎవరికీ తగల్లేదు. వైజాగ్‌లో ఆడేవాళ్లు ఫోర్జ్డ్ హెడ్స్‌ను తడి తుడిచి పెట్టుకోండి. క్రోమ్ గీసుకుపోయిన చోట ఆ ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది.

మళ్లీ మన పెద్దాయన దగ్గరికి వస్తాను. 7 ఐరన్‌తో ఆయన స్పీడ్ 68 మైళ్లు. హెడ్స్ మార్చమని చెప్పలేదు. అవి కొడుకు తెచ్చినవి, పైగా ఆయన బంతిని మధ్యలోనే తాకిస్తున్నారు. 7 ఐరన్ ఒక్కటే విప్పి, 80 గ్రాముల గ్రాఫైట్ షాఫ్ట్ వేశాను. షాఫ్ట్ అంత తేలికైతే హెడ్ వైపు బరువు తెలియదు కాబట్టి హోజెల్‌లో (షాఫ్ట్ దూరే హెడ్ మెడలో) టిప్ వెయిట్లు, అంటే చిన్న బరువులు వేసి స్వింగ్‌వెయిట్ (ఊపేటప్పుడు హెడ్ ఎంత బరువుగా తోస్తుందో చెప్పే కొలత) సరిచేశాను. హెడ్ వైపు రెండు గ్రాములు పెరిగితే ఒక పాయింట్ పెరుగుతుంది. లై ఒక డిగ్రీ వంచాను. ఇరవై బాల్స్ కొట్టించాను. మొదటి ఐదు లెక్కలోకి తీసుకోలేదు, చివరి పది చూశాను. క్యారీ పద్నాలుగు గజాలు పెరిగింది. దానికంటే నాకు నచ్చింది, బాల్స్ కుడికి జారడం ఆగిపోయింది. మోచేతి నొప్పికి డాక్టర్‌నే చూడమన్నాను, అది నా పని కాదు. కానీ కొట్టినప్పుడు కుదుపు తగ్గిందని ఆయనే అన్నారు.

వెళ్లేముందు అక్కడే నిలబడి కొడుక్కి వీడియో కాల్ చేశారు. డల్లాస్‌లో అర్ధరాత్రి. "నువ్వు తెచ్చినవేరా, చూడు" అంటూ ఇంకో బాల్ కొట్టి చూపించారు. మిగతా ఐరన్స్ విప్పే పని ఈ వారం పెట్టుకున్నాను.

ఐరన్స్ కొనాలనుకుంటున్నవాళ్లు ముందు మీ పాత 7 ఐరన్ పట్టుకుని దగ్గర్లో ఉన్న ఏ ఫిట్టర్ దగ్గరికైనా వెళ్లండి. దాని షాఫ్ట్ బరువు, పొడవు, లాఫ్ట్, లై కొలిపించి కాగితం మీద రాయించుకోండి. కొత్తదాంతో పోల్చడానికి అదే ఆధారం. మూడు వేర్వేరు బరువుల షాఫ్టులు, అదే హెడ్‌తో, ఒక్కోదానికి కనీసం పది బాల్స్. అన్నిటికంటే దూరం పోయిన ఒక్క బాల్‌ను మర్చిపోండి, పదీ ఎంత దగ్గర దగ్గరగా పడ్డాయో చూడండి. నచ్చిన హెడ్ హోజెల్ 0.355 అంగుళాల టేపరా (చివర సన్నబడే షాఫ్ట్‌కు), 0.370 పారలలా (చివర ఒకే లావు ఉండే షాఫ్ట్‌కు) కనుక్కున్నాకే షాఫ్ట్ ఆర్డర్ పెట్టండి. బాగా అలసిపోయి ఉన్న రోజు వెళ్లినా పర్వాలేదు, పద్నాలుగో హోల్ దగ్గర మీ చేతులు ఎలా ఉంటాయో ఫిట్టర్‌కు అప్పుడే తెలుస్తుంది.