ముందు బూట్లు తూచండి

కొండల్లో రోజుల తరబడి నడవడానికి సంచి సర్దుకునేటప్పుడు అందరి ధ్యాసా వీపు మీదే ఉంటుంది. ముందు తూచాల్సింది బూట్లు. పాదానికి ఒక కిలో బరువు కడితే, అదే కిలో వీపున మోసినదానికంటే 4 నుంచి 6 రెట్లు ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. వీపు మీది బరువు మనతో పాటు ఇంచుమించు ఒకే వేగంతో కదులుతుంది. పాదం అలా కాదు, ప్రతి అడుగుకీ ఆగి, లేచి, ముందుకు ఊగి మళ్లీ ఆగుతుంది. రోజంతా వేల అడుగులు! అందుకే దారి బాగున్నచోట తేలికపాటి బూట్లు చాలంటాను.

1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే ఆవిడ 67 ఏళ్ల వయసులో అమెరికాలోని అప్పలాచియన్ ట్రెయిల్ మొత్తం, 3,200 కిలోమీటర్లకు పైగా, ఒంటరిగా నడిచింది. కాళ్లకు కాన్వాస్ బూట్లు, భుజాన తాను కుట్టుకున్న గుడ్డ సంచి, వానకు అడ్డంగా ఒక ప్లాస్టిక్ కర్టెన్. టెంటు లేదు. ఆవిడంత తెగింపు అందరికీ అక్కర్లేదు కానీ, సంచిని నింపేవి ఎక్కువగా ‘ఎందుకైనా మంచిది’ అని పెట్టుకున్నవేనని ఆవిడని తలచుకుంటే తెలుస్తుంది.

బట్టలు నడవడానికొక జత, పడుకోవడానికొక జత, పైన చలికోటు, వానకోటు. పడుకునే జత మాత్రం ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఎట్టి పరిస్థితుల్లోనూ పొడిగా ఉంచాలి. గాలితో పోలిస్తే నీరు ఒంటి వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకీ చలి దాదాపు 6.5 డిగ్రీలు పెరిగే చోట, చెమట పీల్చుకుని ఆరని నూలు బనియను ప్రమాదమే. ఉన్ని లేదా సింథటిక్ నయం.

లీటరు నీళ్లంటే కిలో బరువు. దారిలో వాగులుంటే తక్కువ మోసి, అక్కడే కాచుకోవచ్చు. 3,000 మీటర్ల ఎత్తులో నీళ్లు 90 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. క్రిములు చావడానికి ఆ వేడి చాలు, కాకపోతే 2,000 మీటర్లు దాటాక 3 నిమిషాలు మరగనివ్వాలి. చేతులు కడుక్కోవడానికి ఒక చిన్న సబ్బు ముక్క కూడా పెట్టుకోండి. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మీద శానిటైజర్ సరిగ్గా పనిచేయదు. మడమ దగ్గర చురుక్కుమంటే మజిలీ దాకా ఓర్చుకోకుండా అక్కడే ఆగి టేప్ వేయండి, బొబ్బ లేవదు.

తేలిక సంచితో ఒక చిక్కుంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. బరువు తగ్గితే కాళ్లు వేగంగా ఎక్కేస్తాయి. పల్చని గాలికి ఒళ్లు అలవాటు పడడం మాత్రం దాని వేగంతోనే జరుగుతుంది. 5,500 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే సగమే, అంటే ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ కూడా సగమే. 3,000 మీటర్లు దాటాక, ఈ రాత్రి పడుకునే చోటు నిన్నటికంటే 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఎక్కకుండా ఆగాలి. తలనొప్పి, వికారం తగ్గేవరకు పైకి వెళ్లొద్దు. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, నడకలో తూలుతున్నా తెల్లారేదాకా చూడకుండా, తోడు మనిషితో వెంటనే కిందికి దిగిపోవాలి.