బోరు మోటరుకు నీళ్లు, విమానం మోటరుకు గాలి

అనంతపురం,
ఎండాకాలం

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

మీ ప్రశ్న అందింది. పెట్రోలు ఇంజను తాగిన ఇంధనంలో ముప్పావు వంతు దాకా వేడిగానే పారేస్తుంది, కరెంటు మోటరు నూటికి ఐదే పారేస్తుంది, మరి కరెంటు విమానాలు చేసేవాళ్లు కూలింగ్ కూలింగ్ అని ఎందుకు తలపట్టుకుంటారు అని అడిగారు. అడగాల్సిందే అడిగారు. జవాబు మన చేలల్లోనే ఉంది, అక్కడినుంచే మొదలుపెడతా.

బోరులోకి మోటరు దించేటప్పుడు దగ్గర నిలబడి చూడండి. సబ్‌మెర్సిబుల్ సెట్లో పంపు పైన, మోటరు కింద. నీళ్లు లోపలికి పోయే జల్లెడ రెండింటి నడుమ ఉంటుంది. కింది ఊట నుంచి వచ్చే నీళ్లు మోటరు ఒంటిని రాసుకుంటూ పైకి పోతాయి. దానికి కూలింగ్ అంటే అదే. ఊట తగ్గి నీటిమట్టం జారిందా, పంపు గాలి పీలుస్తుంది, మోటరు చుట్టూ నీళ్లు కదలవు. స్టార్టర్ ట్రిప్ కాకపోతే ‘మోటరు కాలిపాయె’ అని రివైండింగ్ షాపుకు మోసుకుపోవడమే. అదే మోటరును సంపులోనో వెడల్పాటి బావిలోనో దించితే చుట్టూ ఒక గొట్టం తొడుగు వేస్తారు, గమనించారా? తొడుగు లేకపోతే నీళ్లు పక్కనుంచి నేరుగా జల్లెడలోకి పోతాయి, మోటరును తాకవు. చుట్టూ బావి నిండా నీళ్లున్నా అవి ఒంటిమీద పారకపోతే లాభం లేదు.

విమానం మోటరుదీ ఇదే కథ. కాకపోతే దాని చుట్టూ నీళ్లు లేవు, గాలి ఉంది. అదీ మే నెలలో మన దగ్గర 42 డిగ్రీల గాలి.

లెక్క చూడండి. ప్రొపెల్లర్‌కు 100 కిలోవాట్లు అందించే మోటరు, సామర్థ్యం 95 శాతం. లోపలికి 105.3 కిలోవాట్లు పోవాలి, అందులో 5.3 వేడిగా మిగులుతుంది. ఇంట్లో గీజరు 2 కిలోవాట్లది. అంటే ఒక మనిషి ఎత్తగలిగే ముద్దలో రెండున్నర గీజర్లు ఆపకుండా కాగుతున్నాయన్నమాట. పెట్రోలు ఇంజను ఇంతకు ఎన్నో రెట్లు వేడి పుట్టిస్తుంది, నిజమే. కానీ అందులో పెద్ద భాగం పొగగొట్టంలోంచి దానంతటదే బయటికి పోతుంది. మిగిలింది సిలిండర్ రెక్కల మీదుగా పోవాలి. ఆ రెక్కలు 200 డిగ్రీల దాకా కాగినా ఫరవాలేదు. బయట 42, రెక్క 200. తేడా 158 డిగ్రీలు. కరెంటు మోటరుకు పొగగొట్టం లేదు. దాని కూలెంట్‌ను, అంటే వేడిని మోసుకుపోయే ద్రవాన్ని, 60 డిగ్రీల దగ్గర ఉంచాలనుకుంటే తేడా 18 డిగ్రీలే. వేడి ఎంత ఉందన్నది ఒక సంగతి, దాన్ని తోసే ఏటవాలు ఎంతన్నది ఇంకో సంగతి. కాలువకు వాలు లేకపోతే నీళ్లు కొంచెమే ఉన్నా పారవు. మీ ప్రశ్నకు జవాబు ఆ 18 డిగ్రీల్లోనే ఉంది.

అందుకే సామర్థ్యంలో రెండు శాతం పెరిగిందంటే ఇంజనీర్లు పండగ చేసుకుంటారు. 95 నుంచి 97కు పోతే వేడి 5.3 నుంచి 3.1 కిలోవాట్లకు దిగుతుంది. అంటే నూటికి నలభై తక్కువ. రేడియేటరూ ఆ మేరకు చిన్నదవుతుంది.

ఇక ఈ వేడి ఎక్కడ పుడుతుందంటే, ముఖ్యంగా రాగి తీగలో. కరెంటు రెట్టింపైతే తీగలో వేడి నాలుగింతలవుతుంది. ఊళ్లో లో వోల్టేజీ వచ్చిన రోజు బోరు మోటరు ఎక్కువ కరెంటు లాగి కాలేది ఇందుకే. స్టేటర్‌లోని (మోటరులో తిరగని భాగం, తీగ చుట్టేది దానికే) స్టాంపింగ్ రేకుల్లో కొంత, అయస్కాంతాల్లో కొంత, బేరింగులలో కాస్త. చిక్కేమిటంటే రాగి ఒక డిగ్రీ వేడెక్కితే దాని నిరోధం 0.39 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గరున్న తీగ 120కి పోతే అదే కరెంటుకు 39 శాతం ఎక్కువ వేడి. నియోడిమియం అయస్కాంతమేమో డిగ్రీకి 0.11 శాతం చొప్పున బలం కోల్పోతుంది. 60 నుంచి 120కి పోతే ఆరేడు శాతం. అంతే మెలితిప్పు (టార్క్) కావాలంటే అంత కరెంటు ఎక్కువ పంపాలి, మళ్లీ వేడి. చల్లారితే రాగి యథాస్థితికి వస్తుంది. అయస్కాంతం హద్దు దాటితే చల్లారినా పోయిన బలం తిరిగిరాదు. మామూలు రకానికి 80 డిగ్రీలు, మంచి రకాలకు 150, 180 దాకా హద్దు. కొనేటప్పుడు ధర తేడా అంతా అక్కడే.

ఇప్పుడు మోటరును కోసి, తీగ చుట్టిన ఒక్క గాడిలోకి తొంగిచూద్దాం, అసలు సంగతి అక్కడుంది. రాగి తీగ, దానిమీద ఎనామిల్, తీగల మధ్య వార్నిష్, గాడికి అస్తరులా ఇన్సులేషన్ కాగితం, ఆ తర్వాత రేకులు, ఆ తర్వాత అల్యూమినియం ఒళ్లు, దానిమీద రెక్కలో నీటి జాకెట్టో. వేడి ఈ మెట్లన్నీ దిగాలి. రాగి వేడిని ఎంత బాగా మోస్తుందంటే వార్నిష్ దానికంటే దాదాపు రెండువేల రెట్లు తక్కువ మోస్తుంది, గాలి పదిహేనువేల రెట్లు తక్కువ. కాగితం పావు మిల్లీమీటరుది అనుకోండి. చదరపు మీటరుకు 20 కిలోవాట్ల చొప్పున వేడి దాన్ని దాటుతుంటే, ఆ పావు మిల్లీమీటరుకు ఈ వైపుకూ ఆ వైపుకూ 25 డిగ్రీల తేడా వస్తుంది. వార్నిష్ సరిగా దిగక అదే మందంలో గాలి పొర మిగిలిందా, తేడా 190 డిగ్రీలు. బయట జాకెట్‌లో ఎంత చల్లటి నీళ్లు పారినా లోపల తీగ మాడిపోతుంది. అందుకే విమానం మోటరు స్టేటర్‌ను ముందు శూన్యంలో పెట్టి గాలి లాగేసి, ఆపైన ఒత్తిడితో రెజిన్ ఎక్కిస్తారు. బ్రష్‌తో వార్నిష్ పూసి ఎండలో ఆరబెడితే చాలదు.

ఇన్సులేషన్ పలచగా చేస్తే పోలేదా అంటారేమో. పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, తగ్గిన గాలిలో నిప్పురవ్వ తక్కువ వోల్టేజీకే దూకుతుంది. కరెంటు కోసం ఇన్సులేషన్ దళసరిగా ఉండాలి, వేడి కోసం పలచగా ఉండాలి. ఈ రెంటి మధ్య పేచీ ఇంకా తీరలేదు. ఇన్సులేషన్‌కు తరగతులున్నాయి: ఎఫ్ తరగతి 155 డిగ్రీలు, హెచ్ తరగతి 180. ప్రతి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందని పనివాళ్ల మోటు లెక్క.

వేడిని ఇక దేనిమీద ఎక్కించి పంపాలి? ఆ 5.3 కిలోవాట్లను మోస్తూ కూలెంట్ 10 డిగ్రీలు మాత్రమే వేడెక్కాలంటే, నీళ్లూ గ్లైకాలూ (కారు రేడియేటర్లో నీళ్లతో కలిపే ద్రవం) సగం సగం కలిపిన కూలెంట్ నిమిషానికి 9 లీటర్లు తిరిగితే సరి. అదే పని గాలితో చేయాలంటే, మన 42 డిగ్రీల గాలి నిమిషానికి 29 వేల లీటర్లు కావాలి. అయినా గాలినే నమ్ముకున్నవాళ్లున్నారు. పంపు లేదు, పైపు లేదు, కారేదేమీ లేదు. నాసా వాళ్ల ఎక్స్-57 మ్యాక్స్‌వెల్‌కు పెట్టిన పెద్ద మోటర్లు గాలితో చల్లబడేవే. ఆ విమానం ఎగరకుండానే 2023లో పథకం ముగిసింది, అది వేరే సంగతి. 2020 జూన్‌లో యూరప్ నుంచి టైప్ సర్టిఫికెట్ (ఈ నమూనా విమానం ఎగరడానికి తగినదని ఇచ్చే ధ్రువపత్రం) పొందిన మొదటి కరెంటు విమానం, పిపిస్ట్రెల్ వెలిస్ ఎలక్ట్రో, ద్రవం దారి పట్టింది. దాని మోటరు టేకాఫ్‌లో 57.6 కిలోవాట్లు ఇస్తుంది, కానీ 90 సెకన్లే. ఆ తర్వాత ఎంతసేపైనా 49.2. మోటరుకు బలం లేక కాదు ఆ 90 సెకన్లు, వేడికి గడువు అది.

గడువు ఎందుకంటే, అయిదు కిలోల రాగిలో 4 కిలోవాట్ల వేడి పుడుతూ బయటికి దారి లేకపోతే సెకనుకు రెండు డిగ్రీలు ఎక్కుతుంది. పక్కనున్న ఇనుము కొంత పంచుకుంటుంది కాబట్టి నిజంగా అంత వేగం ఉండదు. అయినా కూలింగ్ ఆగితే చేతిలో ఉండేది నిమిషాలే.

మూడో దారి, తీగనే నూనెలో తడపడం. కరెంటు పారనివ్వని ద్రవాన్ని గాడుల్లోంచి, తీగల పక్కనుంచే పంపితే కాగితం, రేకులు, అల్యూమినియం అనే మెట్లన్నీ తప్పుతాయి. సీమెన్స్ 2015లో చూపించిన 50 కిలోల మోటరు 260 కిలోవాట్లు ఇచ్చిందంటే అందులో ఈ పద్ధతి పాత్ర పెద్దది. నా మట్టుకు నాకు, పెద్ద మోటర్లకు ఇదే దారి అనిపిస్తుంది. మన బోరు మోటరులో కూడా లోపల నీళ్లు నింపి, ప్లాస్టిక్ తొడుగున్న తీగతో చుట్టే రకం ఉంది కదా, ఆలోచన దాదాపు అదే.

ఎగిరేటప్పుడు ఏ ఘడియ గండం? పైకి పోతే గాలి పలచబడి కూలింగ్ తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. మూడు కిలోమీటర్ల ఎత్తున గాలి కిందున్నదానిలో ముప్పావు వంతే, నిజం. కానీ అక్కడ 25 డిగ్రీలు. 60కీ 25కీ తేడా 35, కిందేమో 18. లాభం దాదాపు రెండింతలు, నష్టం పావు వంతు. కాబట్టి గండం రన్‌వే మీదా, ఎక్కే మొదటి నిమిషాల్లోనూ: పవరు నిండుగా, వేగం తక్కువ, గాలి వేడి. పైగా ప్రొపెల్లర్ మొదలు దగ్గర రెక్క లావుగా, నెమ్మదిగా తిరుగుతుంది, అక్కడ గాలి సరిగా తోయదు. గాలి దూరే నోరు మధ్యలో కాక కొంచెం ఎడంగా పెట్టేది అందుకే.

చెడిపోయే తీరులు చెప్తా. మొదటిది ఎయిర్‌లాక్. కూలెంట్ నింపేటప్పుడు పైపు వంపులో గాలి చిక్కితే పంపు తిరుగుతున్న చప్పుడు వస్తుంది, కూలెంట్ మాత్రం కదలదు. కింది నుంచి మెల్లగా నింపి, అన్నిటికంటే ఎత్తున్న చోట మూత వదులు చేసి బుడగలు ఆగేదాకా పంపు తిప్పాలి. తర్వాత ట్యాంకులో మట్టం దిగితే మళ్లీ పోయాలి. రెండోది, మన బోరు నీళ్లు. వాటిలోని సున్నం లోపల పొలుసు కడుతుంది. డిస్టిల్డ్ నీళ్లూ, తుప్పు ఆపే మందు కలిసిన గ్లైకాలే వాడాలి. గ్లైకాల్ తియ్యగా ఉండే విషం, కుక్కలు నాకుతాయి, కారితే వెంటనే తుడవాలి. మూడోది దుమ్ము: ఎర్రమట్టి, చెనక్కాయ పొట్టు, పురుగులు రేడియేటర్ సందుల్లో ఇరుక్కుంటే ముందు కనపడేది వేడి ముల్లే. నాలుగోది, సెన్సార్ తప్పు చోట ఉండటం. గాడి బయటికి వంగిన తీగ చివరలే అన్నిటికంటే వేడి. సెన్సార్ అల్యూమినియం ఒంటికి అంటించితే లోపల 150 ఉన్నా అది 80 అంటుంది. అయిదోది, దిగాక వెంటనే అన్నీ ఆపేయడం. గాలి ఆగుతుంది, తీగలోని వేడి మెల్లగా అయస్కాంతాల వైపు పాకుతుంది. పంపును కొన్ని నిమిషాలు తిరగనివ్వాలి.

మీరు ఇంట్లో చేసి చూడ్డానికి ఒకటి ఉంది. మీ డ్రోన్ మోటరు వద్దు, దాని నిరోధం మామూలు మల్టీమీటరుకు అందనంత తక్కువ. టేబుల్ ఫ్యాన్ తీసుకోండి. గంటల తరబడి ఆగివున్నప్పుడు, ప్లగ్గు గోడ నుంచి పీకి, స్పీడు నాబ్ గరిష్ఠం మీద ఉంచి, ప్లగ్గు రెండు పిన్నుల మధ్య నిరోధం కొలవండి. గది ఉష్ణోగ్రత రాసుకోండి. గంటసేపు తిప్పండి. మళ్లీ ప్లగ్గు పీకి, అర నిమిషం లోపల కొలవండి, ఆలస్యమైతే చల్లారిపోతుంది. ప్లగ్గు పెట్టేదీ పీకేదీ పెద్దవాళ్లు చేయాలి. వేడి నిరోధాన్ని చల్లటి నిరోధంతో భాగించి, గది ఉష్ణోగ్రతకు 234.5 కలిపిన మొత్తంతో గుణించి, 234.5 తీసేయండి. ఉదాహరణకు గది 30 డిగ్రీలు, ముందు 200 ఓములు, తర్వాత 236 అయితే తీగ ఉష్ణోగ్రత 77.6 వస్తుంది. ఫ్యాన్ వెనక మూతను లేజర్ థర్మామీటరుతో కూడా చూడండి. మెరిసే లోహం మీద అది తక్కువ చూపిస్తుంది కాబట్టి నల్ల టేపు ముక్క అంటించి దానిమీద కొలవండి. మూతకూ తీగకూ ఎంత తేడా ఉందో చూస్తే, సెన్సార్ గురించి నేనన్న మాట తెలుస్తుంది.

ఒకసారి మిట్టమధ్యాహ్నం, ఒకసారి తెల్లవారుజామున చేసి, రెండు నిరోధాలూ గది ఉష్ణోగ్రతా రాసి పంపండి. గది ఉష్ణోగ్రత రాయడం మర్చిపోతే లెక్క మళ్లీ మొదటికే.

మీ తాత