ఇల్లు అమ్మే ముందు జరిగే తనిఖీ: అపోహలు - వాస్తవాలు

కొనబోయేవారి తరఫున వెళ్లి, ఇంటిని పైకప్పు నుంచి పునాది దాకా పరిశీలించి నివేదిక రాసివ్వడం నా వృత్తి. అమ్మేవారు తనిఖీకి ముందు ఎంతో శ్రమపడతారు. అయితే ఆ శ్రమలో చాలా భాగం అక్కరలేని చోట ఖర్చవుతుంది, కొన్నిసార్లు వారికే ఎదురు తిరుగుతుంది. తనిఖీకి ఇంటిని సిద్ధం చేయడమంటే ప్రతి మూలా కంటికి కనబడేలా, చేతికి అందేలా ఉంచడమేనని వారికి ముందుగా చెప్పేవారు ఉండరు.

అపోహ: గోడలకు కొత్త రంగు వేయిస్తే తనిఖీ గట్టెక్కినట్టే.

వాస్తవం: ఇల్లంతా పాత రంగుతో ఉండి ఒక్క గోడ మాత్రమే కొత్తగా మెరుస్తుంటే, నేను మొదట వెళ్లేది ఆ గోడ దగ్గరికే. ఒక ఇంట్లో పడకగది గోడ అలాగే కనిపించింది. కింది భాగాన వేలితో నొక్కితే పుట్టీ మెత్తగా తగిలింది. రంగు కింద సన్నని పొక్కులు అప్పుడప్పుడే లేస్తున్నాయి. తేమను కొలిచే మీటరు పెట్టి చూస్తే నేల నుంచి మోకాలి ఎత్తు దాకా చెమ్మ, ఆపైన పొడి. గోడకు అవతలి వైపు స్నానాలగది ఉంది. అక్కడ కుళాయి కింద టైల్స్ మధ్య సందుల్లోని సిమెంటు ఊడిపోయి, స్నానం చేసిన ప్రతిసారీ నీరు లోపలికి ఇంకుతోంది. ఆ సందులు పూడ్పించడం ఒక పూట పని. ఆ పని మానేసి రంగు వేయించడం వల్ల, కొనేవారికి ఆ గోడతోపాటు మిగతా గోడల మీద కూడా నమ్మకం పోయింది. ఆ రోజంతా వారు అడిగిన ప్రశ్నల్లో సగం 'దీని వెనక ఏముంది?' అన్నవే.

చెమ్మ ఉన్న గోడకు రంగు ఎందుకు నిలవదో తెలిస్తే ఈ పొరపాటు ఎవరూ చేయరు. గోడలోని నీరు ఆవిరయ్యేటప్పుడు తనలో కరిగిన లవణాలను ఉపరితలం దగ్గర వదిలిపెడుతుంది. అవి గడ్డకట్టి రంగును, పుట్టీని బయటికి నెడతాయి. కాబట్టి ముందు నీరు ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి ఆపాలి, గోడను కొన్ని వారాలపాటు ఆరనివ్వాలి, పట్టు వదిలిన ప్లాస్టరును గీకి మళ్లీ పూయాలి, రంగు ఆ తర్వాతే వేయాలి. అంత వ్యవధి లేకపోతే గోడను ఉన్నదున్నట్టు వదిలేసి, కారణం ఏమిటో, దానికి ఏం చేశారో చెప్పడమే మేలని నా అభిప్రాయం.

అపోహ: పగుళ్లన్నీ ప్రమాదకరమే, అందుకే తనిఖీకి ముందే పూడ్చేయాలి.

వాస్తవం: ప్లాస్టరు ఆరేటప్పుడు కుంచించుకుపోవడం వల్ల ఏర్పడే వెంట్రుకవాసి పగుళ్లు దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. కాంక్రీటు స్తంభానికీ ఇటుక గోడకూ మధ్య నిలువుగా కనబడే సన్నని గీత కూడా, ఆ రెండూ వేడికి ఒకేలా వ్యాకోచించకపోవడం వల్ల వచ్చినదే కావచ్చు. కిటికీ, తలుపు మూలల నుంచి ఏటవాలుగా సాగేవి, ఇటుకల అతుకుల వెంట మెట్లు మెట్లుగా దిగేవి, 5 మిల్లీమీటర్లు దాటినవి, ఒక కొస కంటే మరో కొస వెడల్పుగా ఉన్నవి మాత్రం స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించాలి. పూడ్చేసిన పగులు పాతదో కొత్తదో, పెరుగుతోందో ఆగిందో నేను చెప్పలేను. చెప్పలేనప్పుడు నివేదికలో సందేహమే మిగులుతుంది. అమ్మే ఆలోచన వచ్చిన రోజునే పగులు రెండు కొసల దగ్గర పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వేసి, ఫోటో తీసుకోండి. కొన్ని నెలల తర్వాత కూడా పగులు ఆ గీతలను దాటకపోతే, అది మీ పక్షాన నిలిచే సాక్ష్యం.

అపోహ: తనిఖీలో ఇల్లు పాస్ కావడమో ఫెయిల్ కావడమో జరుగుతుంది.

వాస్తవం: రెండూ జరగవు. నివేదిక ఆ రోజు ఇల్లు ఉన్న స్థితిని చెబుతుంది, ధర నిర్ణయించదు.

అపోహ: తాళం వేసిన గదిని, సామానుతో నిండిన అటకను చూడలేకపోతే లోపాలు బయటపడవు.

వాస్తవం: మేము గోడలు పగలగొట్టం, బరువైన సామాను జరపం. చూడలేకపోయిన ప్రతి చోటునూ 'పరిశీలించడానికి వీలు పడలేదు' అని రాస్తాం. ఆ మాట చదివినవారు అక్కడ పెద్ద లోపమే ఉందని ఊహించుకుంటారు. అందుకని అన్ని తాళాలూ అందుబాటులో ఉంచండి, సింకు కింది అర ఖాళీ చేయండి, మెయిన్ బోర్డు ముందు మనిషి నిలబడేంత చోటు వదలండి, బయటి గోడలకు ఆనించిన బీరువాలను కాస్త ముందుకు జరపండి. చెదలు కట్టే పెన్సిలంత మందమైన మట్టి దారులు తరచూ ఆ బీరువాల వెనకే కనిపిస్తాయి. వాటిని చీపురుతో దులిపేస్తే పైపై మట్టి రాలుతుందే తప్ప చెదలు పోవు. మందు కొట్టించి, రసీదు దాచుకోండి.

అపోహ: దీపాలన్నీ వెలుగుతున్నాయి కాబట్టి వైరింగు బాగున్నట్టే.

వాస్తవం: ఎర్తింగ్ తెగిపోయినా దీపం వెలుగుతుంది, ఫేజు, న్యూట్రల్ తీగలు తారుమారైనా వెలుగుతుంది. అందుకే మేము ఒక్కో సాకెట్‌నూ టెస్టరుతో పరీక్షిస్తాం. మనుషుల రక్షణకు పెట్టే ఈఎల్‌సీబీ సాధారణంగా 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే కరెంటును ఆపేసేలా ఉంటుంది. దాని మీదున్న టెస్ట్ బటన్‌ను మీరే నొక్కి చూడండి. వెంటనే అది పడిపోయి కరెంటు ఆగకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. తీగలో కరెంటు మోతాదు మించితే దాన్ని ఆపేసే స్విచ్చు, ఎంసీబీ, మాటిమాటికీ పడిపోతోందని అంతకంటే పెద్దది బిగించడం మాత్రం ఎన్నడూ చేయకండి. అది కాపాడేది తీగను. సామర్థ్యం పెంచితే, తీగ వేడెక్కి కాలే స్థితికి వచ్చినా అది పడిపోదు. నా దృష్టిలో తనిఖీకి ముందు తప్పక చేయించాల్సిన మరమ్మతులు విద్యుత్తువి, నీటివి. మిగతావి దాచకుండా చెబితే చాలు.

అపోహ: ఖాళీగా ఉన్న ఇంటికి ప్రత్యేకంగా సిద్ధం చేయాల్సింది ఏమీ ఉండదు.

వాస్తవం: ఖాళీ ఇంటికే ఎక్కువ సిద్ధపడాలి. కరెంటు, నీరు లేకపోతే సగం పరీక్షలు ఆగిపోతాయి. నేలలోని జాలీ కింద ట్రాపులో రెండంగుళాల మేర నిలిచి ఉండే నీరే మురుగు వాసనను లోపలికి రాకుండా అడ్డుకుంటుంది. వాడకం లేకపోతే కొన్ని వారాల్లో ఆ నీరు ఆవిరైపోతుంది. తలుపు తీయగానే వాసన కొడితే, డ్రైనేజీ గొట్టాలు పగిలాయని కొనేవారు అనుకుంటారు. ముందురోజు ప్రతి జాలీలోనూ రెండు చెంబుల నీళ్లు పోసి, కిటికీలు తెరిచి ఉంచండి.