కెనడా ఫుట్‌బాల్ కోచ్: అపోహలు - వాస్తవాలు

వినిపెగ్‌లో పిల్లల ఫుట్‌బాల్ జట్టుకు నేను సహాయ కోచ్‌ని. జీతం లేదు. పంట్లు (చేతిలోంచి వదిలిన బంతిని దూరంగా తన్నడం), కిక్‌ఆఫ్‌లు (ఆట మొదలుపెట్టే తన్ను) నేర్పడం నా వంతు. ఫోన్ చేసినప్పుడల్లా మామయ్య "ఏరా, మెస్సీ ఆడే ఆటేగా?" అంటాడు. కాదు మామయ్యా, ఇది బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే ఆట. ఆయన సంగతి సరే, ఇక్కడున్న మనవాళ్లు కూడా ఇలాంటివి చాలా అంటుంటారు.

అపోహ: అమెరికా ఫుట్‌బాలే, పేరు మార్చారంతే.

వాస్తవం: అక్కడ పది గజాలు సాధించడానికి నాలుగు ప్రయత్నాలు (డౌన్లు), ఇక్కడ మూడే. అక్కడ జట్టుకు 11 మంది, ఇక్కడ 12. ఇక్కడి మైదానం 110 గజాల పొడవు, 65 గజాల వెడల్పు. పొడవును 2027 నుంచి 100 గజాలకు తగ్గిస్తామని ఇక్కడి ప్రొఫెషనల్ లీగ్ (సీఎఫ్‌ఎల్) ప్రకటించింది.

అన్నిటికన్నా ఆ మూడు డౌన్లే కోచ్‌కి టెన్షన్. రెండో ప్రయత్నం చెడిందా, చాలాసార్లు బంతిని తన్ని అవతలి జట్టుకు అప్పగించాల్సిందే. అమెరికాలో ఆ బంతిని పట్టుకునేవాడు చెయ్యి ఊపి 'ఫెయిర్ క్యాచ్' అడిగితే ఎవరూ తాకరు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. బంతి అందేదాకా ఎదుటివాళ్లు అతనికి ఐదు గజాల దూరంలో ఉండాలి, అందిన తర్వాత మీద పడొచ్చు. తన్నినవాడికీ, తన్నే సమయానికి అతని వెనక ఉన్నవాళ్లకీ ఆ ఐదు గజాల నియమం కూడా లేదు. ఇది పిల్లలకు ఎక్కించేసరికి నాకు సగం వేసవి గడిచిపోతుంది.

అపోహ: స్పెషల్ టీమ్స్ (బంతిని తన్నే సందర్భాల్లో దిగే బృందాలు) కోచ్ అంటే ఏదో ఒక మూల పని.

వాస్తవం: నా పని కాబట్టి వెనకేసుకొస్తున్నాననుకోకండి. మా ఊరి జట్టు బ్లూ బాంబర్స్ కోచ్ మైక్ ఓషీని చూడండి. హామిల్టన్, టొరంటో జట్లలో లైన్‌బ్యాకర్‌గా (డిఫెన్స్ ఆటగాడిగా) 16 సీజన్లు ఆడి, ఆటగాడిగా మూడు గ్రే కప్‌లు (లీగ్ విజేతకిచ్చే కప్పు) గెలిచాడు. 2010లో టొరంటోలో మొదలుపెట్టింది స్పెషల్ టీమ్స్ కోచ్‌గానే. 2012లో ఆ జట్టు కప్పు గెలిచింది. 2014 సీజన్ నుంచి వినిపెగ్‌కి హెడ్ కోచ్. నా లెక్కలో ఇది కాకతాళీయం కాదు. అటాక్ కోచ్‌కి అటాక్ వాళ్లే తెలుస్తారు, డిఫెన్స్ కోచ్‌కి డిఫెన్స్ వాళ్లే. రెండు వైపుల కుర్రాళ్లతోనూ, ముఖ్యంగా బెంచీ మీద కూర్చునేవాళ్లతోనూ రోజూ పని చేయించేది స్పెషల్ టీమ్స్ కోచే.

అపోహ: స్టార్ ఆటగాడైతేనే కోచ్ అవుతాడు.

వాస్తవం: ఈ లీగ్‌లో అత్యధికంగా 282 మ్యాచ్‌లు గెలిచిన కోచ్ వాలీ బ్యూనో. ఇటలీలో పుట్టి, మాంట్రియల్‌కి లైన్‌బ్యాకర్‌గా ఆడుతూ పంట్లు కూడా తన్నాడు. హెడ్ కోచ్‌గా ఐదు గ్రే కప్‌లు. మరోవైపు మార్క్ ట్రెస్ట్‌మన్ ఈ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు, లా చదివినవాడు. మాంట్రియల్‌కి 2009, 2010లో, టొరంటోకి 2017లో కప్పు తెచ్చిపెట్టాడు.

అపోహ: మ్యాచ్ రోజు అరిస్తే పని అయిపోతుంది.

వాస్తవం: ఆటగాళ్ల సంఘంతో లీగ్‌కున్న ఒప్పందం ప్రకారం సీజన్‌లో ఆటగాళ్లతో రోజుకు నాలుగున్నర గంటలే పని చేయించాలి. కోచ్‌కి అలాంటి గడియారం ఏదీ లేదు. మిగతా సమయమంతా వీడియోల ముందే.

అపోహ: రెండేళ్లు ఓడితే ఉద్యోగం ఊడినట్టే.

వాస్తవం: చాలామందికి ఊడుతుంది, అబద్ధం చెప్పను. కానీ ఓషీ మొదటి రెండు సీజన్లలో 36 మ్యాచ్‌లకు గెలిచింది 12. అప్పట్లో ఊళ్లో ఎవరిని కదిపినా ఆయన్ని తీసేయాలనే మాటే. యాజమాన్యం ఆగింది. 2019లో, 29 ఏళ్ల తర్వాత, వినిపెగ్‌కి గ్రే కప్ వచ్చింది. 2020లో కోవిడ్ వల్ల సీజనే లేదు, 2021లో మళ్లీ గెలిచారు. ఆ తర్వాత 2022, 2023, 2024, వరసగా మూడు ఫైనల్స్ ఓడారు. 2025లోనూ కోచ్ ఆయనే.