దిల్‌రుబా వాయించింది ఎవరు? ఒక రాక్ ఆల్బమ్ వ్యాసం వెనకున్న కథ

1967 మార్చి 15న లండన్‌లో, అబ్బే రోడ్ మీదున్న ఈఎంఐ అనే రికార్డు కంపెనీ స్టూడియోలో, బీటిల్స్ రాక్ బృందంలోని జార్జ్ హారిసన్ ఒక పాట రికార్డు చేశాడు. మిగతా ముగ్గురు బీటిల్స్ అందులో వాయించలేదు. నేల మీద తివాచీ పరిచారు, అగరుబత్తులు వెలిగించారు. తబలా, తంబురా, కమానుతో వాయించే తీగల వాద్యం దిల్‌రుబా వాయించడానికి ఆసియన్ మ్యూజిక్ సర్కిల్ నుంచి భారతీయ కళాకారులు వచ్చారు. అయానా అంగడి, ఆయన భార్య పట్రీషియా కలిసి లండన్‌లో నడిపిన సంస్థ అది. ఏప్రిల్ 3న అదే పాటకి ఎనిమిది వయొలిన్లు, మూడు చెల్లోలు జతచేశారు. ఆ పాట 'వితిన్ యూ వితౌట్ యూ'. అది చేరిన ఆల్బమ్ 'సార్జంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్'.

ఈ ఆల్బమ్ మీద వికీపీడియా లాంటి విజ్ఞానసర్వస్వంలో వ్యాసం ఏదైనా తెరిచి, 'వాయించినవారు' అన్న భాగం దగ్గర కాసేపు ఆగండి. వయొలిన్, చెల్లో వాయించిన పదకొండుగురి పేర్లూ 1988కల్లా పుస్తకంలోకి ఎక్కాయి. ఆ ఏడాది మార్క్ లూయిసన్ ఈఎంఐ భద్రపరచిన టేపులు విని, రికార్డింగ్ కాగితాలు చూసి, బీటిల్స్ ఏ రోజు ఏం రికార్డు చేశారో పుస్తకంగా వేశాడు. వయొలిన్ బృందానికి ఎరిక్ గ్రూన్‌బర్గ్ నాయకుడన్నది అందరికీ తెలిసిన సంగతే. మరి దిల్‌రుబా వాయించింది ఎవరు? తబలా ఎవరిది? ఆల్బమ్ అట్ట మీద వాళ్ల పేర్లు లేవు. దశాబ్దాల తరబడి వాళ్లు 'పేరు వేయని భారతీయ కళాకారులు'గానే ఉండిపోయారు. ఒకే పాట, ఒకే స్టూడియో. ఒక వరసలో కూర్చున్నవాళ్లకి పేర్లున్నాయి, ఇంకో వరసలో వాళ్లకి లేవు.

ఆల్బమ్ వ్యాసాన్ని సమీక్షించడం, మెరుగుపరచడం అనగానే చాలామందికి వాక్యాలు సరిదిద్దడం, అచ్చుతప్పులు తీయడం గుర్తొస్తాయి. ఆ పనీ ఉంటుంది. కానీ ఇన్నేళ్లలో సమీక్ష అన్నమాటకి అర్థం చాలా మారింది. ఎందుకు మారిందో తెలిస్తే, ఆ దిల్‌రుబా కళాకారుల పేర్లు అంత ఆలస్యంగా ఎందుకొచ్చాయో కూడా అర్థమవుతుంది.

కథ నూపీడియాతో మొదలవుతుంది. 2000 మార్చిలో జిమ్మీ వేల్స్ మొదలుపెట్టిన ఈ ఇంటర్నెట్ విజ్ఞానసర్వస్వానికి లారీ సాంగర్ ప్రధాన సంపాదకుడు. అక్కడ ఒక వ్యాసం వెలుగు చూడాలంటే ఏడు మెట్లు ఎక్కాలి. ఎవరు రాయాలో తేల్చడం, సమీక్షకుణ్ణి వెతకడం, నిపుణుడి సమీక్ష, బహిరంగ సమీక్ష, రెండు విడతల భాషా సవరణ, చివరికి ఆమోదం. పద్ధతి కాగితం మీద ఎంతో బాగుంది. ఏడాది గడిచేసరికి పూర్తయిన వ్యాసాలు మాత్రం రెండు డజన్లు కూడా లేవు. రాయడానికి ముందుకొచ్చేవాళ్లకి ఓ పక్క వాకిలి ఉంటే బాగుంటుందని 2001 జనవరి 15న వికీపీడియాని తెరిచారు. జనం ఆ పక్క వాకిలి గుండానే వచ్చారు. 2003లో నూపీడియా మూతపడింది.

వికీపీడియాలో తొలిరోజుల్లో సమీక్ష అన్నదే లేదు. బాగున్న వ్యాసాలకి ఒక జాబితా ఉండేది. దాని పేరే 'అద్భుతమైన వచనం'. ఎవరికి ఏది నచ్చితే దాన్ని అందులో చేర్చేవారు. పేరులోనే ఉంది చూడండి, వాళ్లు చూసింది వచనాన్ని. చదవడానికి హాయిగా ఉందా లేదా అన్నదే కొలత. 2004లో ఆ జాబితా పేరు మార్చారు. తెలుగు వికీపీడియాలో మనం 'విశేష వ్యాసం' అంటున్నది ఆ కొత్త పేరునే. పేరుతోపాటు పద్ధతి కూడా బిగిసింది. వ్యాసాన్ని ప్రతిపాదించాలి, నలుగురూ చూడాలి, లోపాలు చెప్పాలి, అవి సరిచేశాకే ఒప్పుకోవాలి.

గట్టి మలుపు వచ్చింది 2005లో. అమెరికాలో జాన్ సీగెంథాలర్ అనే పేరున్న పాత్రికేయుడి మీద ఎవరో సరదాకి పచ్చి అబద్ధం రాసిపోయారు. కెనెడీ సోదరుల హత్యల్లో ఆయన మీద అనుమానాలుండేవని దాని సారాంశం. ఆ రాత నెలల తరబడి అలాగే ఉంది. ఆయన ఆ నవంబరులో పత్రికలో వ్యాసం రాసి నిలదీశాడు. డిసెంబరు నుంచి ఇంగ్లీషు వికీపీడియాలో ఖాతా లేనివాళ్లు కొత్త వ్యాసం మొదలుపెట్టే వీలు తీసేశారు. అంతకు రెండు నెలల ముందే, అక్టోబరులో, 'మంచి వ్యాసం' అన్న ఇంకో మెట్టు మొదలైంది. దీనికి పదిమంది అక్కర్లేదు. రాసినవాడు కాకుండా ఇంకొకరు కూర్చుని చదివి, లోపాలు రాసి, వారం రోజులు గడువిచ్చి తేలిస్తే చాలు. రాక్ ఆల్బమ్ వ్యాసాల మీద ఎక్కువ పని జరిగేది ఈ మెట్టు దగ్గరే.

అప్పటినుంచి సమీక్షకుడు అడిగే మొదటి ప్రశ్న 'ఎంత బాగుంది' అన్నది కాదు, 'ఇది ఎక్కడిది' అన్నది. ఆధారం చూపని వాక్యం పక్కన చిన్న గుర్తు వచ్చి కూర్చుంటుంది. ఈ ప్రశ్న రాక్ సంగీతాన్ని పట్టుకున్నంత గట్టిగా ఇంకే విషయాన్నీ పట్టుకోలేదని నా అభిప్రాయం. ఎందుకంటే రాక్ చరిత్రలో సగం అభిమానుల నోటి మాట, సగం కంపెనీల ప్రచారం.

విడుదల తేదీనే తీసుకోండి. సార్జంట్ పెప్పర్ 1967 జూన్ 1న వచ్చిందని కొన్ని దశాబ్దాల పాటు పుస్తకాలన్నీ రాశాయి. కంపెనీ ప్రకటించిన తేదీ అదే. కానీ బ్రిటన్‌లో రికార్డులు హడావుడిగా మే 26నే దుకాణాలకి చేరాయని తర్వాతి పరిశోధకులు తేల్చారు. 50 ఏళ్ల ప్రత్యేక సంచిక కూడా 2017 మే 26నే వచ్చింది. మరి వ్యాసం పక్కన ముఖ్య వివరాలుండే సమాచారపెట్టెలో ఏ తేదీ వేయాలి? జూన్ 1 అని చదువుకున్నవాళ్లు వచ్చి మారుస్తారు, ఇంకొకరు వెనక్కి తిప్పుతారు. మంచి సమీక్షకుడు ఏదో ఒక తేదీకి తీర్పు చెప్పి ఊరుకోడు. ప్రకటించిన తేదీ ఏది, జనం చేతికి అందిన తేదీ ఏది, రెండూ వ్యాసంలో చెప్పిస్తాడు.

పాట నిడివి కూడా అంత తేలిగ్గా తేలదు. ఆ రోజుల్లో ఒకే స్పీకరు కోసం కలిపిన మోనో మిక్స్ అసలైనది, రెండు స్పీకర్ల స్టీరియో తర్వాతి మాట. బీటిల్స్ దగ్గరుండి చేయించుకున్నది మోనోనే. 'షీజ్ లీవింగ్ హోమ్' మోనోలో కాస్త వేగంగా, కాస్త పై శ్రుతిలో నడుస్తుంది, స్టీరియోలో నెమ్మదిగా సాగుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి వింటే గడియారం అక్కర్లేకుండానే తేడా తెలిసిపోతుంది. పట్టికలో ఒకే నిడివి వేసి వదిలేస్తే, ఏ రికార్డు గురించి మాట్లాడుతున్నామో పాఠకుడికి చెప్పనట్టే.

అమ్మకాల లెక్కల దగ్గర జరిగే పొరపాటు ఇంకా పెద్దది. పింక్ ఫ్లాయిడ్ వాళ్ల 'ద వాల్' 1979లో వచ్చిన రెండు రికార్డుల ఆల్బమ్. అమెరికా రికార్డు కంపెనీల సంఘం దానికి 23 ప్లాటినం ఇచ్చింది. ఒక ప్లాటినం అంటే పది లక్షలు, కాబట్టి 2 కోట్ల 30 లక్షల కాపీలు అని చాలాచోట్ల రాసేస్తారు. కానీ ఆ సంఘం లెక్కలో ఇలాంటి జంట ఆల్బమ్‌లోని ఒక్కో రికార్డూ ఒక్కో యూనిట్టు. అంటే సెట్లు 1 కోటి 15 లక్షలు. పైగా ఆ లెక్క కంపెనీ దుకాణాలకి పంపినదానికి, జనం కొన్నదానికి కాదు. 2016 ఫిబ్రవరి నుంచి అందులో స్ట్రీమింగ్ కూడా కలిసింది, 1500 సార్లు వింటే ఒక ఆల్బమ్ కింద లెక్క. 'అమ్ముడైంది' అన్న ఒక్క మాట కింద ఇన్ని లొసుగులున్నాయి. తప్పు అంకె ఒకసారి వ్యాసంలోకి ఎక్కిందా, దాన్ని చూసి పత్రికవాళ్లు రాస్తారు. ఆ పత్రికనే తర్వాత వ్యాసంలో ఆధారంగా చూపిస్తారు. తోక పట్టుకు తిరిగినట్టు తిరిగే ఈ తంతుకి 2011లో కార్టూనిస్టు రాండల్ మన్రో 'సైటోజెనెసిస్' అని పేరు పెట్టాడు.

'మొట్టమొదటి' అన్న మాట కనబడితే సమీక్షకుడి చెయ్యి ఆగుతుంది. పాటలన్నిటినీ ఒకే ఆలోచన కలిపే కాన్సెప్ట్ ఆల్బమ్‌లలో మొట్టమొదటిది సార్జంట్ పెప్పర్ అంటారు. 1955లో ఫ్రాంక్ సినాత్రా చేసినదాన్ని చూపించేవాళ్లూ ఉన్నారు, 1966లో మదర్స్ ఆఫ్ ఇన్వెన్షన్ తెచ్చినదాన్ని చూపించేవాళ్లూ ఉన్నారు. బీటిల్స్‌లో ఒకడైన జాన్ లెనన్ అయితే, తన పాటలకి ఆ సార్జంట్ పెప్పర్ ఆలోచనతో సంబంధమే లేదని 1980లో తేల్చి చెప్పాడు. గొప్పదనం సంగతీ అంతే. రోలింగ్ స్టోన్ పత్రిక 500 గొప్ప ఆల్బమ్‌ల జాబితాలో 2003లోనూ 2012లోనూ ఇదే మొదటిది, 2020లో 24వ స్థానానికి దిగింది. 1967 జూన్‌లో న్యూయార్క్ టైమ్స్‌లో రిచర్డ్ గోల్డ్‌స్టీన్ దీన్ని తీసిపారేశాడు. అందరూ మెచ్చుకున్నారని రాస్తే ఆయన్ని దాచినట్టవుతుంది. వచ్చినప్పుడు ఏమన్నారో, తర్వాత ఏమన్నారో విడివిడిగా రాయమని సమీక్షకులు పట్టుబట్టేది ఇందుకే.

ఇప్పుడు మళ్లీ దిల్‌రుబా దగ్గరికి వద్దాం.

ఇంగ్లీషు వికీపీడియాకి 'సొంత పరిశోధన కూడదు' అన్న నియమం ఒకటుంది. అది 2003లో పుట్టింది. భౌతికశాస్త్రంలో సొంత సిద్ధాంతాలు తెచ్చి వ్యాసాల్లో పెట్టేవాళ్లతో వేగలేక తెచ్చుకున్నారు. ఐన్‌స్టీన్ తప్పని నిరూపించానంటూ వచ్చేవాణ్ణి ఆపాలంటే అలాంటి గోడ కావాలి, కాదనను. కానీ గోడకి మనుషుల్ని గుర్తుపట్టడం తెలియదు. ఆ తబలా కళాకారుడి కొడుకే వచ్చి, 'ఆ రోజు వాయించింది మా నాన్న, ఇంటికొచ్చి మాకు చెప్పాడు' అని చర్చ పేజీలో రాశాడనుకోండి. నియమం ప్రకారం అది చెల్లదు. ఎక్కడైనా అచ్చయిందా అని అడుగుతారు. భౌతికశాస్త్రంలో తిక్క వాదాల కోసం కట్టిన గోడ, ఒక తబలా వాద్యకారుడి పేరుకి అడ్డం నిలబడుతుంది.

2017లో ఆల్బమ్‌కి 50 ఏళ్లు నిండిన సందర్భంలో లివర్‌పూల్‌లో పరిశోధకులు వెతికి పట్టుకున్నాక ఆ పేర్లు పత్రికల్లోకి వచ్చాయి. దిల్‌రుబా వాయించింది అన్నా జోషి, అమృత్ గజ్జర్. తంబురా బుద్ధదేవ్ కన్సారా. తబలా నట్వర్ సోనీ. అచ్చులోకి రాగానే ఆ పేర్లు వ్యాసంలో చేర్చడానికి అడ్డు తొలగింది. చేర్చడానికి పట్టింది బహుశా రెండు నిమిషాలు. దాని వెనక యాభై ఏళ్లున్నాయి.

వయొలిన్ వాళ్లకి ఈ గతి ఎందుకు పట్టలేదంటే, వాళ్ల పేర్లు కాగితం మీద ఉన్నాయి, ఆ కాగితం కంపెనీ బీరువాలో ఉంది. అంతకు మించి కారణమేమీ నాకు కనబడదు. ఏ పేరు కాగితం మీద మిగులుతుందో చరిత్రే తేలుస్తుంది, సమీక్ష ఆ మిగిలినదాన్నే అడుగుతుంది. ఈ ఇబ్బంది గుర్తించినవాళ్లు వికీపీడియాలోనే ఉన్నారు. 2011లో అచల్ ప్రభల భారతదేశంలోనూ దక్షిణాఫ్రికాలోనూ మౌఖిక ఆధారాల మీద ఒక ప్రయోగం నడిపించాడు. పుస్తకాల్లో లేనిదాన్ని తెలిసినవాళ్ల నోట విని, రికార్డు చేసి, దాన్నే ఆధారంగా చూపడం. మలయాళం, హిందీ, దక్షిణాఫ్రికాలో మాట్లాడే సెపెడి భాషల్లో చేశారు. ఇంగ్లీషులో ఆ పద్ధతి నిలదొక్కుకోలేదు.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అక్కడ రాసేవాళ్ల చర్చావేదిక రచ్చబండలో నియమాల మీద జరిగే చర్చలు ఎప్పుడు చదివినా నాకు ఆ తబలా గుర్తొస్తుంది. మన సినిమా పాటల వ్యాసాల్లో రాసినవారు, పాడినవారు, స్వరం కట్టినవారు ఉంటారు. వీణ వాయించింది ఎవరో, వేణువు ఎవరిదో చాలా వ్యాసాల్లో కనబడదు. గ్రామఫోను రికార్డుల మీద వేయలేదు కాబట్టి అచ్చులో లేదు, అచ్చులో లేదు కాబట్టి వ్యాసంలో లేదు.

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు, మద్రాసు స్టూడియోల్లో వయొలిన్ వాయించారు. పోయినేడు వాళ్లింటికి వెళ్లి ఒక పూటంతా కూర్చున్నాను. మాటల మధ్య లేచి, బీరువాలోంచి అట్ట ఊడిన నోటుపుస్తకం తెచ్చి చేతిలో పెట్టారు. పేజీకి మూడు గళ్లు గీసి ఉన్నాయి. మొదటి గడిలో తేదీ, రెండోదాంట్లో పాట పల్లవిలో రెండు మాటలు, మూడోదాంట్లో చేతికొచ్చిన డబ్బు. 'ఇది పెట్టుకోవచ్చు కదా నీ వ్యాసంలో' అన్నారు. 'అచ్చయితే గానీ పెట్టనివ్వరు బాబాయ్' అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, మరి ఏ పేజీలు కావాలో చూసుకుని ఫొటోలు తీసుకోమన్నారు. అన్నీ తీశాను. మొత్తం నూట పన్నెండు పేజీలు. ఇప్పుడు వాటిని అచ్చువేసే పత్రిక కోసం చూస్తున్నాను.