ఎఫ్/22 పెట్టేస్తే అంతా షార్ప్ అయిపోదు: క్లోజప్ ఫోకస్ మీద అపోహలు, వాస్తవాలు

అపోహ: అపెర్చర్ (లెన్స్‌లోంచి వెలుగు వచ్చే కన్నం, ఎఫ్ నంబర్ పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది) ఎంత మూస్తే ఫోటో అంత షార్ప్.

పర్లాకిమిడిలో కొమ్ము బొమ్మలు అమ్మే కుర్రాళ్లు ఈమధ్య ఆన్‌లైన్‌లో పెట్టడానికి ఫోటోలు సొంతంగానే తీసుకుంటున్నారు, మంచిదే. కానీ మా స్టూడియోకి వచ్చేవాళ్లలో సగంమంది మాట ఒకటే: "ఏటన్నా, ఎఫ్/22 పెట్టినా మసకే, లెన్స్ పోయినట్టుంది." లెన్స్ పోలేదు నాయనా. ఎఫ్/22 పెట్టావు కాబట్టే మసక.

వాస్తవం: అపెర్చర్ మూస్తే ఫోకస్ లోతు, అంటే ముందునుంచి వెనక్కి షార్ప్‌గా కనబడే మేర, పెరుగుతుంది, కాదనను. అయితే కన్నం మరీ సన్నబడితే దానిలోంచి వచ్చే వెలుగు పక్కలకి విచ్చుకుంటుంది. అదే డిఫ్రాక్షన్. క్లోజప్‌లో దీని దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది, ఎందుకంటే మాగ్నిఫికేషన్‌కి ఒకటి కలిపి దానితో ఎఫ్ నంబర్‌ని గుణిస్తే వచ్చేదే అసలు అపెర్చర్, అంటే 1:1 దగ్గర (వస్తువు సెన్సర్ మీద అసలు సైజులోనే పడేటప్పుడు, మాగ్నిఫికేషన్ ఒకటి) మీరు పెట్టిన 22 కాస్తా 44 అవుతుంది. అక్కడ ఒక్కో వెలుగు చుక్క సెన్సర్ మీద దాదాపు 0.06 మిల్లీమీటర్ల మేర పరుచుకుంటుంది. 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ (36×24 మిల్లీమీటర్ల సెన్సర్) కెమెరాలో పిక్సెల్ వెడల్పు 0.006. పది పిక్సెళ్ల మీద పాకిన గీతని ఏ షార్పెనింగూ పూర్తిగా వెనక్కి తేలేదు.

పోనీ లాభమెంత? 1:1 దగ్గర ఎఫ్/8లో లోతు సుమారు 1 మిల్లీమీటరు, ఎఫ్/22లో రెండున్నర. ఆ ఒకటిన్నర మిల్లీమీటర్ల కోసం ఫోటో అంతా పాడుచేసుకోవడం ఏమిటో! పైగా వెలుతురు చాలక ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) పెంచాలి, లేదా షట్టర్ వేగం తగ్గించి వణుకు తెచ్చుకోవాలి.

పాతపట్నం నుంచి ఒకతను నల్ల కొమ్ము కొంగని సంచిలో వేసుకుని వచ్చాడు. మెడ మీద మచ్చలున్నాయని కొనేవాడు వెనక్కి పంపేస్తానంటున్నాడట. పాపం, గుడ్డతో తుడిచి తుడిచి పాలిష్ కూడా తగ్గించేశాడు. బొమ్మని కాస్త పక్కకి జరిపి ఇంకో ఫోటో తీయమన్నాను. కొంగ జరిగింది, మచ్చలు మాత్రం ఫ్రేమ్‌లో ఉన్నచోటే ఉన్నాయి. సెన్సర్ మీద దుమ్ము అది! అపెర్చర్ బాగా మూసినప్పుడే అలా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అప్పు చేసి కొన్న లెన్స్, సగం ధరకి అమ్మేయడానికి బేరం కూడా పెట్టేశాడు. వాట్సాప్ గ్రూపులో ఎవరో మహానుభావుడు "ఫంగస్ పట్టింది" అన్నాడట, ఫోటో కూడా చూడకుండా.

ఆ కొంగనే ఎలా తీశామో చెప్తాను. పది సెంటీమీటర్ల బొమ్మ ఫుల్‌ఫ్రేమ్ నిండా వస్తే, ఎఫ్/11లో లోతు ఏడెనిమిది మిల్లీమీటర్లే. అందుకని ముందు బొమ్మని తిప్పాలి. ముక్కు, కన్ను, మెడ వంపు, తోక కొస ఇవన్నీ సెన్సర్‌కి సమాంతరంగా వచ్చాయా లేదా అని పైనుంచి వంగి చూడండి. దీనికి పైసా ఖర్చు లేదు, అయినా ఎవరూ చేయరు. ఓరగానే కావాలంటే ట్రైపాడ్ మీద ఎఫ్/8లో ఫోకస్‌ని ముందునుంచి వెనక్కి జరుపుతూ, ఒకదాని మీద ఒకటి కొంచెం కలిసేలా ఫ్రేములు తీసి హెలికాన్ ఫోకస్ అనే సాఫ్ట్‌వేర్‌లోనో ఫోటోషాప్‌లోనో కలపాలి, దీన్నే స్టాకింగ్ అంటారు. మెరిసే కొమ్ము మీద ఆటోఫోకస్ వెతుక్కుంటూ తిరుగుతుంది, లైవ్ వ్యూ (కెమెరా తెర మీద కనబడే బొమ్మ) పెద్దది చేసి రెక్క మీద చెక్కిన గీత మీద చేత్తో ఫోకస్ పట్టుకోండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఫోకస్ లోతులో మూడో వంతు ముందు, రెండొంతులు వెనక అనే సూత్రం దూరపు ఫోటోలకి కొంతవరకు సరే, క్లోజప్‌లో దాదాపు సగం సగం.

పెద్ద లెన్స్ కొంటే లోతు పెరుగుతుందా? పెరగదు. మాగ్నిఫికేషన్, ఎఫ్ నంబర్ ఒకటే అయితే 60 మిల్లీమీటర్ల లెన్స్ అయినా 100 అయినా ఇంచుమించు అంతే. మహేంద్రగిరి వైపు తూనీగల కోసం వెళ్లేవాళ్లకి 100 మేలు, దూరంగా ఉండి తీయొచ్చు కాబట్టి. గాలికి ఊగే పురుగుకి స్టాకింగ్ కుదరదు, పొద్దున్నే చలికి అవి కదలని వేళ చూసుకోవాలి.

ఫోన్‌తో కాదంటారు. చిన్న సెన్సర్ కాబట్టి అదే ఫ్రేమింగ్‌కి లోతు ఎక్కువే వస్తుంది, కొమ్ము దువ్వెన ఫోటోకి చాలాసార్లు అదే చాలు.

ఇక నికాన్ 105 మాక్రో (క్లోజప్ లెన్స్) కొన్నవాళ్ల టెన్షన్ ఇంకోటి: ఎఫ్/2.8 అని అమ్మారు, దగ్గరికెళ్తే 4.8 చూపిస్తోంది, మోసపోయామా అని. మోసమేం లేదు. పైన చెప్పిన అసలు అపెర్చర్‌నే నికాన్ చూపిస్తుంది, కానన్ చూపించదు. బిల్లు పట్టుకుని షాపుకి గొడవకి వెళ్లకండి.